ఇవాళ ఎన్ని మెట్లు?

ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు కింది వాటా ఆయన మెట్లన్నీ ఒకసారి ఎక్కి దిగుతాడు. ఎన్నున్నాయో లెక్కపెట్టి, పలక మీద సుద్దతో రాసి, వీధి గుమ్మానికి తగిలిస్తాడు. ఆ మేడకి లిఫ్టు లేదు. మెట్లకి నిలకడ లేదు. నిన్న ఎనభై ఉంటే ఇవాళ మూడొందలుంటాయి, రేపు మళ్ళీ ఎనభైకి దిగుతాయి. పలక చూసి జనం తమ పనులు సర్దుకుంటారు. ఎనభై అయితే బియ్యం బస్తా తెప్పించుకుంటారు, మూడొందలైతే ఉన్నదేదో వండుకు తింటారు. పాలాయన సంగతి చెప్పక్కర్లేదు. నూట యాభై దాటితే కిందనుంచే ఒక కేక వేసి పోతాడు, కావలసినవాళ్ళు దిగి తెచ్చుకోవాలి.

పై అంతస్తులో రెండే వాటాలు. ఒకదాంట్లో టీచరమ్మ ఉంటుంది. ఉద్యోగం నుంచి దిగిపోయి పదేళ్ళయింది, మోకాళ్ళు ఆవిడ మాట వినడం మానేసి అయిదేళ్ళయింది. ఎదుటి వాటాలో మొగుడూ పెళ్ళాం. ఆయనది బజార్లో తాళాలు బాగుచేసే కొట్టు, ఆవిడ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. టీచరమ్మ మోకాళ్ళ వైద్యానికి వెళ్ళొచ్చిన రోజున మెట్లు ఎక్కువుంటే, తాళాలాయన ఆవిణ్ణి వీపు మీద ఎక్కించుకుని పైకి తెస్తాడు. "మెల్లిగా నాయనా, నేను పాఠం పుస్తకాన్ని కాదు, పడితే చిరగను, విరుగుతాను" అంటూ ఆవిడ దారంతా నవ్విస్తూనే ఉంటుంది.

తాళాలాయన ఏడేళ్ళ క్రితం తాగుడు మానేశాడు. మానేసినప్పటినుంచీ ఏడాదికోసారి లివర్ పరీక్ష చేయించుకోమంది డాక్టరమ్మ. ఆరేళ్ళూ కాగితాలు శుభ్రంగా వచ్చాయి. ఈ ఏడు మాత్రం ఎస్జీఓటీ నలభై లోపు ఉండాల్సింది నూట ఎనభై రెండు. ఎస్జీపీటీ డెబ్భై నాలుగు.

కాగితం చూసి ప్రూఫులావిడ, "లాబువాళ్ళు ఎవరి రక్తమో కలిపేసి ఉంటారు" అని, పది రోజులాగి ఆయన్ని ఇంకో లాబుకి లాక్కుపోయింది. అక్కడ ముప్పై ఎనిమిది, ముప్పై ఆరు. హమ్మయ్య అనుకుంది. మరి మొదటిది తప్పేనా అని తేల్చుకోవడానికి ఆయన నాలుగు రోజుల తర్వాత మళ్ళీ మొదటి లాబుకే వెళ్ళాడు. నూట అరవై, అరవై ఒకటి!

డాక్టరమ్మ మూడు కాగితాలూ చూసి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మందు గానీ..."

"ముట్టుకోలేదండీ," అన్నాడాయన.

"నాటు మందులు, కషాయాలు? ఒంటికి బలమని చెప్పి అమ్మే పొడులు?"

"కాఫీ తప్ప ఏమీ లేదండీ."

"ఇలా ఎక్కి దిగుతుంటే ఊరుకోలేం. వచ్చే బుధవారం సూదితో లివర్ నుంచి చిన్న ముక్క తీసి చూద్దాం."

ప్రూఫులావిడ ఆయన ముఖంలోకి చూడలేదు. ఏడేళ్ళ కింద కూడా ఆయన అచ్చం ఇలాగే, ఇంతే నెమ్మదిగా, ముట్టుకోలేదండీ అనేవాడు. ఎక్కి దిగే అంకెలు ఆవిడకి ఒకే మాట చెబుతున్నాయి. తాగుతున్నాడు, పరీక్ష ఉందని గుర్తొస్తే నాలుగు రోజులు ఆపుతున్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన కొట్టుకి వెళ్ళగానే తమ్ముడికి ఫోన్ చేసింది. "మీ బావ మళ్ళీ మొదలెట్టాడురా. ఇంకోసారి ఆ నరకం నావల్ల కాదు. బుధవారం పరీక్ష అయ్యాక నీ దగ్గరికి వచ్చేస్తాను" అని ఏడ్చింది.

కానీ ఆవిడ పని ప్రూఫులు దిద్దడం. ఇరవై ఏళ్ళ అలవాటు ఊరికే పోతుందా? మర్నాడు భోజనాల బల్ల మీద మూడు కాగితాలూ పరిచి, ఎర్ర పెన్సిలు పట్టుకుని కూచుంది. ఎస్జీఓటీ, ఎస్జీపీటీ గంతులేస్తున్నాయి సరే. కామెర్లు చూపే బిలిరుబిన్ మూడింటిలోనూ కదల్లేదు. జీజీటీ అని ఇంకొకటుంది, ఆయన తాగే రోజుల్లో మూడంకెల్లో ఉండేది. అది కూడా మూడు కాగితాల్లో ఇరవై దాటలేదు. ఇదేమిటి చెప్మా అనుకుంటూ పైనున్న తేదీలకి వచ్చింది. అన్నాళ్ళూ అంకెలే చూసింది గానీ తేదీలు చదవలేదు. మొదటి తేదీ శనివారం. ఆయన రక్తం ఇచ్చొచ్చి, నడుం పట్టేసిందమ్మోయ్ అంటూ మంచమెక్కిన రోజు.

గబగబా కిందికి దిగింది.

"అన్నయ్యగారూ, మీరు రోజూ మెట్లు లెక్కపెడతారు కదా, ఎక్కడైనా రాసి ఉంచుతారా?"

"ఉంచకపోతే ఎలాగమ్మా? పలక తుడిచేస్తే నిన్నటి మెట్లు ఏమైపోయాయని రేపు ఎవరైనా అడిగితే?" అంటూ ఇస్త్రీ ఆయన నోటుబుక్కు తీశాడు.

మొదటి పరీక్షకి ముందురోజు మూడొందల పది. మూడో దానికి ముందురోజు రెండొందల తొంభై. రెండూ టీచరమ్మ వైద్యానికి వెళ్ళొచ్చిన రోజులే. రెండో దానికి ముందు వారమంతా ఎనభై లోపే. ఆవిడకి ఒక్కసారిగా అర్థమైంది. మెట్లు ఎక్కువైన మర్నాడు ఒళ్ళునొప్పులని ఆయన కొట్టు ఆలస్యంగా తీస్తాడు. ఖాళీగా ఉన్నాం కదా అని ఆ పొద్దుటే లాబుకి వెళ్తాడు. టీచరమ్మని వీపున మోసిన మర్నాడన్నమాట!

డాక్టరమ్మ నోటుబుక్కు రెండుసార్లు తిరగేసింది.

"మీ మెట్లు పెరుగుతాయా? ఆ సంగతి మొదటే చెప్పాలి కదమ్మా! ఎస్జీఓటీ లివర్లోనే కాదు, కండల్లో కూడా ఉంటుంది. ఒళ్ళు హూనమైతే రక్తంలోకి వచ్చేస్తుంది, ఎస్జీపీటీ కూడా కాస్త తోడొస్తుంది. నేను కూడా ఈయన పాత కథే చూశాను గానీ ఈయన వీపు చూడలేదు." ముక్క తీసే సంగతి పక్కన పెట్టి కొత్త చీటీ రాసింది. "వారం రోజులు బరువులు వద్దు, మెట్లు వద్దు. తర్వాత ఒకే లాబులో, పరగడుపున, లివర్ పరీక్షలన్నీ. కండల కోసం సీపీకే. అప్పటికీ దిగకపోతే స్కానింగు చేసి అప్పుడు ఆలోచిద్దాం. ఇప్పుడే ఏమీ లేదని మాత్రం నేను అనను."

మెట్లు వద్దంటే పై అంతస్తువాడు ఎలా బతుకుతాడని ఇద్దరూ దిగులుపడుతూ ఇంటికొచ్చారు. మర్నాడు పలక మీద ఒకటి అని రాసుంది.

ఒకటంటే ఒకటే. అన్ని అంతస్తులవాళ్ళూ తలుపు తీసి, ఒక్క మెట్టు దిగి, వీధిలో పడ్డారు. గుమ్మం దగ్గర చెప్పుల తొక్కిసలాట ఎక్కువైందని కొందరు విసుక్కున్నారు. టీచరమ్మ తన కాళ్ళ మీద తనే వైద్యానికి వెళ్ళొచ్చి, "వాహనం సెలవులో ఉంది" అని అందరికీ చెప్పుకుంది. ఏడు రోజులూ పలక తుడవాల్సిన పని లేకపోయింది.

ఎనిమిదో రోజు రక్తం ఇచ్చి, సాయంత్రం కాగితం తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ముప్పై ఒకటి, ముప్పై నాలుగు. సీపీకే కూడా మామూలే. "లివర్ బాగుంది. మూడు నెలల తర్వాత ఇంకోసారి చూద్దాం. టీచరమ్మకి ఒక కుర్చీ చూడండి, నలుగురు పట్టుకుని మోసేది," అంది డాక్టరమ్మ.

తిరిగొచ్చేసరికి పలక మీద డెబ్భై ఆరు ఉంది. ఇద్దరూ ఎక్కడం మొదలెట్టారు. ఆవిడకి ఆయనతో ఒక మాట చెప్పాలని ఉంది. మొదటి మలుపులో చెబుదామనుకుంది, రెండో మలుపు రానీ అనుకుంది. రెండో మలుపులో ఆయనే ఏదో జోకు వేశాడు. మలుపుల మీద మలుపులు వస్తున్నాయి గానీ వాళ్ళ వాటా రావడం లేదు.

"నూట ఇరవై దాటాం. ఇస్త్రీ ఆయన ఇవాళ లెక్క తప్పాడు," అన్నాడాయన ఆయాసపడుతూ.

ఆవిడ ఆగిపోయింది.

"మీరు మళ్ళీ తాగుతున్నారని తమ్ముడికి ఫోన్ చేసి చెప్పానండీ. మిమ్మల్ని వదిలేసి వచ్చేస్తానన్నాను."

"తెలుసు. ఆ రోజే వాడు నాకు ఫోన్ చేసి చెడామడా తిట్టాడు."

"ఆ రోజేనా! మరి నన్ను ఒక్క మాటైనా అనలేదేం? తాగలేదని గట్టిగా దెబ్బలాడొచ్చుగా!"

ఆయన మెట్టు మీద కూచున్నాడు. "ఏమని దెబ్బలాడను? అప్పట్లో నీకు ఏ మాటలతో అబద్ధం చెప్పానో, నిజం చెప్పడానికి కూడా నా దగ్గర అవే మాటలున్నాయి. వేరే మాటలు లేవు."

ప్రూఫులావిడకి కళ్ళ నీళ్ళు ఆగలేదు. పైట చెంగుతో తుడుచుకుని, ఆయన పక్కన ఇరుక్కుని కూచుంది.

"ఇప్పుడు చెప్పండి. వింటాను."

"తాగలేదు," అన్నాడాయన.

"ఊఁ," అంది ఆవిడ.

లేచి ఒక్క మెట్టు ఎక్కారు. ఎదురుగా వాళ్ళ తలుపు.