రెండు టైముల ఇల్లు

"అమ్మాయ్, ఆరైంది, ఇంకా కాఫీ లేదా?" అని అత్తగారు వంటింట్లోకి తొంగి చూసేసరికి నా ఫోనులో ఐదు. ఇద్దరిదీ అబద్ధం కాదు. మా ఊరు దేశానికి తూర్పు కొసన ఉంది, నాలుగున్నరకే తెల్లారిపోతుంది. మామగారు పనిచేసిన తేయాకు తోటలో పొద్దు వృథా కాకూడదని గడియారాలు గంట ముందుకు పెట్టుకునేవాళ్లు. ఆయన పోయి ఎనిమిదేళ్లయినా ఆవిడ గదిలో ఇంకా తోట టైమే. మా ఆయనది దేశం టైము. ఎక్కడో పడమట హెడ్డాఫీసు తీరిగ్గా నిద్రలేచాక గాని ఆయన పని మొదలవదు.

దాంతో టిఫిన్ రెండుసార్లు, వంట రెండుసార్లు. ఆవిడ సాయంత్రం ఆరింటికే రాత్రి భోజనం ముగిస్తారు, ఈయన పది దాటితే గాని కంచం ముందు కూర్చోరు. మధ్యలో నా బడి. "గంట తేడాకే ఇంత రాద్ధాంతమా?" అంటారు మా ఆయన. ఆ గంట ఎవరి నిద్రలోంచి పోతోందో ఆయనకి ఎప్పుడూ తట్టలేదు. పెళ్లయిన ఈ పదకొండేళ్లలో నేను కంటినిండా నిద్రపోయింది అపెండిక్స్ ఆపరేషన్ రోజున, అదీ మత్తుమందు ఇచ్చారు కాబట్టి. నా మీద నాకే జాలేస్తుంది, కానీ కూర్చుని జాలిపడే తీరికే లేదు.

నేను చెప్పేది భూగోళం. నిన్న ఏడో తరగతికి ప్రామాణిక కాలం పాఠం. ఊరికో టైము ఉంటే రైళ్లు నడవవు, అందుకని దేశమంతా ఒక్క రేఖాంశం టైమునే పాటిస్తుందని బోర్డు మీద గీత గీస్తూ గీస్తూ నిలబడే కునికాను. నుదురు బోర్డుకి కొట్టుకుంది. పిల్లలు నవ్వలేదు, అందుకు మరీ సిగ్గేసింది. ముందు బెంచీ అమ్మాయి మాట మార్చడానికన్నట్టు అడిగింది.

"ఆ గీత అక్కడే ఎందుకు టీచర్?"

"నడిమధ్య అయితే రెండువైపుల వాళ్లూ తలా కాస్త సర్దుకుంటారమ్మా."

సాయంత్రం హెడ్‌మాస్టారు పిలిచారు. "ఇది మూడోసారి టీచరుగారూ. మీకు పదో తరగతి ఇద్దామనుకున్నాను. ఇలాగైతే ఎలా ఇవ్వను?" ఆ తరగతి కోసం నేను ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నాను.

ఇవాళ సెలవు. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. "రేపట్నుంచి టిఫిన్ ఏడున్నరకి, రాత్రి భోజనం ఎనిమిదికి. ఒక్కసారే. ఆ వేళకి రానివాళ్లకి వంటిల్లెక్కడుందో తెలుసు," అన్నాను.

"అయ్యో, నా పొద్దుటి కాఫీ?" అన్నారు అత్తగారు.

మా ఆయన నవ్వారు. "ముందు అది తేల్చు. ఇంతకీ ఎవరి టైము? అమ్మదా, నాదా?"

"నాదండీ," అన్నాను.