పదిహేడో నంబరు

ఆస్పత్రి నౌకరు లచ్చయ్య ఇంక్యుబేటరు అద్దపు తలుపు కొద్దిగా తెరిచి, పళ్లేలను ఒక్కొక్కటే తీసి బల్లమీద పెడుతున్నాడు. రఘునాథపల్లి నుంచి జనగామ దాకా సైకిలు తొక్కిన కాళ్లు ఇంకా వణుకుతున్నాయి గాని చేతులు మాత్రం నిలకడగానే ఉన్నాయి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నాలుగో వారంలో పడింది. బస్సులు లేవు. మొన్న చౌరస్తాలో రోడ్డుమీద వంటావార్పు చేసినప్పుడు కట్టెలు మోసినవాళ్లలో తనూ ఉన్నాడు.

"లచ్చన్నా, పదిహేడు జర పైలం," అంది వినీత సూక్ష్మదర్శిని ముందు కూర్చుని. ఆమెది మానుకోట. పరిశోధన కోసం వచ్చి మూడు నెలలైంది. ఆస్పత్రి మేడమీది ఈ రెండు గదులు సర్జన్ హరీష్ సొంత ఖర్చుతో పెట్టుకున్నవి. ఆపరేషన్లలో తీసిన కొవ్వు ముక్క నుంచి మూలకణాలు వేరుచేసి పెంచుతారు. మానని షుగరు పుండ్లకు ఎప్పటికైనా పనికొస్తాయని ఆయన ఆశ.

"పైలంగనే ఉన్నమ్మా," అన్నాడు లచ్చయ్య.

పదిహేడో పళ్లెంలో గులాబీరంగు ద్రవం, అందులో ఉడికిన సగ్గుబియ్యంలా మెరిసే జెల్లీ గింజలు. ఒక్కొక్క గింజలో వేల కణాలు. మామూలు పళ్లెంలో అవి పరుపులా అడుగున పరుచుకుంటాయట. గింజలో పెడితే అన్ని దిక్కులకూ చేతులు చాపుతాయి, ఒంట్లో ఉన్నప్పటిలాగే. వినీత ఒకసారి చూపించింది. కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. ఒకదాని చెయ్యి ఇంకోదాన్ని పట్టుకుని ఉంది.

సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. కానీ జ్యేష్ఠంలో భార్య యాకమ్మకు బొడ్డు దగ్గర ఆపరేషన్ చేసిన రోజు వచ్చిన ముక్క ఒక్కటే. దాన్ని మేడమీదికి మోసింది, దానికి పదిహేడో నంబరు వేస్తుంటే చూసింది లచ్చయ్యే. ఆపరేషన్ బాగానే అయింది. శ్రావణంలో పత్తి చేను కలుపు తీస్తుంటే యాకమ్మకు పురుగు ముట్టింది, పాముకాటు. ఆటో జనగామ చేరకముందే అతని ఒళ్లో చల్లబడింది. ఇద్దరికీ పిల్లల్లేరు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఒక్కనాడు కూడా అతణ్ని పేరుపెట్టి పిలవలేదు.

అప్పటినుంచి అతను సెలవు పెట్టలేదు. ఆదివారం కూడా వచ్చి తలుపు తీసి చూసి పోతున్నాడు. నౌకరీ మీద ఇష్టమనుకున్నారు అందరూ. గడ్డకట్టించి దాచిన ఆమె మిగతా కణాలు, హైదరాబాదు నుంచి ద్రవ నత్రజని రాక సమ్మె రెండో వారంలోనే పాడైపోయాయి. మిగిలింది ఈ ఒక్క పళ్లెమే.

పదకొండింటికి కరెంటు పోయింది. కింద జనరేటరు దడదడమంది. అదే సమయానికి భూపాలపల్లి నుంచి తమ్ముడు రామలింగం ఫోను చేశాడు. బొగ్గు బాయిలో పని అతనిది.

"అన్నా, బాయిలన్నీ బంద్. ఒక్క బొగ్గు పెళ్ల బయటికి పోలే. మీ దిక్కు కరెంటు పోయిందా?"

"పోయింది."

"పోనీ. గిట్లనన్న ఢిల్లోల్లకు ఎరుకైతది. ఏంది, అట్ల మాట్లాడుతున్నవ్? పాణం బాలేదా?"

"మంచిగనే ఉన్న. మీరు గట్టిగుండుండ్రి," అని ఫోను పెట్టేశాడు.

మధ్యాహ్నం సర్జన్ తనే మెట్లెక్కి వచ్చాడు. "లచ్చయ్యా, డీజిల్ ఎంతుంది?"

"సగం డ్రమ్ము ఉంది సార్. బంకులన్ని మూసే ఉన్నయ్."

"మేడమీదియన్ని బంద్ చెయ్. కింద నెలలు నిండకుండ పుట్టిన పాలకుర్తి పాప కిలోన్నర కూడ లేదు. దాని వెచ్చటి పెట్టె ఆగొద్దు. వరంగల్ పంపిద్దామంటే దారిల తట్టుకోదు."

"సార్, ఈ ఒక్క ఇంక్యుబేటరన్నా..." అంది వినీత.

"రెండు నడిస్తే డీజిల్ రేపటి దాక రాదమ్మా. ఒక్కటైతే రెండు రోజులొస్తది."

లచ్చయ్య గోడ దగ్గర నిలబడ్డాడు. నోరు తెరిచాడు. సర్జన్ అతని వైపు చూశాడు. లచ్చయ్య వంగి, ప్లగ్గు పీకాడు. లోపల తిరుగుతున్న చిన్న పంఖా మెల్లగా ఆగిపోయింది.

సర్జన్ వెళ్లాక వార్డులోంచి గొంగడి తెచ్చి ఇంక్యుబేటరు చుట్టూ కప్పాడు. మూలలు లోపలికి దోపాడు.

"ఎందుకన్నా అది?"

"జర వెచ్చగుంటదని."

కింద, పాప అమ్మమ్మ బాలనర్సమ్మ వరండాలో నేలమీద కూర్చుని ఉంది. "బిడ్డా, మిషన్ ఆగదు గద?" అంది అతని చెయ్యి పట్టుకుని.

"ఆగదు అవ్వా. నేనే చూసుకుంటున్న," అన్నాడు. ఆ రెండు రోజులూ ఇంటికి పోలేదు. గంటగంటకూ డీజిల్ చూసుకుంటూ జనరేటరు పక్కనే కూర్చున్నాడు. పాప అరికాలు అతని బొటనవేలంత కూడా లేదు. మూడోనాడు అది పెట్టె గోడను తన్నింది.

ఆ రోజే కరెంటు వచ్చింది. వినీత గొంగడి తీసి తలుపు తెరిచింది. గులాబీరంగు ద్రవం ఊదాగా మారి ఉంది. గింజలు కరిగించి నీలంరంగు చుక్క కలిపింది. బతికిన కణం రంగును లోపలికి రానివ్వదు. చచ్చినదే నీలమవుతుంది. చాలాసేపు చూసి తల ఎత్తింది.

"అన్ని పోయినయ్ అన్నా."

పాడైనవాటిని పారబోయడం లచ్చయ్య పనే. మిగిలిన గింజలను బ్లీచింగు నీళ్లలో వంచాడు. అవి కాసేపు తేలి, ఒక్కొక్కటే అడుగుకు దిగాయి. చివరిది దిగేదాకా నిలబడ్డాడు.

పదిహేడు ముగిసిందని రాయడానికి వినీత బీరువాలోంచి ఫైలు తీసింది. అంగీకార పత్రం మీద ఆమె కలం ఆగింది.

"యాకమ్మ, భర్త లచ్చయ్య, రఘునాథపల్లి..." నెమ్మదిగా చదివింది. "అన్నా! ఈమె..."

"మా ఇంటామెనే అమ్మా."

"మరి ఆనాడు సారుకు ఎందుకు చెప్పలే?"

"చెప్తే సారు పాణం ఆగమైతుండె. కింద పసిపిల్ల ఉండె."

వినీత చేతులు మొహానికి అడ్డం పెట్టుకుంది. లచ్చయ్య ఖాళీ పళ్లేల తట్ట ఎత్తుకుని కడగడానికి బయటికి నడిచాడు. నల్లా తిప్పిన చప్పుడైంది, నీళ్ల చప్పుడు ఎంతకీ ఆగలేదు.

బల్లమీద ఫైలు తెరిచే ఉంది. కాగితం అడుగున యాకమ్మ ఊదారంగు వేలిముద్ర, దాని నడుమ పత్తికాయ అంచు కోసిన పాత గాటు, సిరా అంటక, సన్నటి తెల్ల గీతలా.