జానెడు తక్కువ

ఆ తోడికోడళ్లిద్దరికీ పడదన్న సంగతి చిన్న విమానాలు దిగే ఆ మైదానంలో అందరికీ తెలుసు. అయినా పొద్దున్నే ఇద్దరూ ఒకే షెడ్డు తలుపు తీసి, ఒకే పొడవాటి బల్లకు చెరోవైపు నిలబడాల్సిందే. విమానంలోంచి దూకేవాళ్ల పారాచూట్లను విప్పి పరీక్షించి, బాగుచేసి, మళ్లీ మడిచి ఇవ్వడం ఆ ఇంటి వృత్తి. మామగారు ఉన్నన్నాళ్లూ పరీక్ష ఆయనది, కుట్టుమిషను పెద్దకోడలిది. ఆయన పోయాక చదివి, ముద్ర వేసే లైసెన్సు తెచ్చుకున్నది చిన్నకోడలు.

"నేను కుడితే అది ఒట్టి గుడ్డే. ఆవిడగారు ముద్ర వేస్తేనే పారాచూట్," అనేది పెద్దకోడలు, ఆవిడగారి చెవిన పడేలా.

"కొందరికి వయసొచ్చినా బుద్ధి రాదు," అనేది చిన్నకోడలు, గోడవైపు చూస్తూ.

ఆ వారం బల్లమీదికి వచ్చినవన్నీ పాత రిజర్వులు. అసలు పారాచూట్ తెరుచుకోనప్పుడు ఆఖరి దిక్కుగా వీపున ఉండేది రిజర్వు. పాతవాటిలో కొన్నింటికి తాళ్లు గుడ్డను కలిసేచోట కుట్టు సరిగా పడలేదని, అది చూసుకోమని తయారుచేసిన కంపెనీ కబురు పంపింది. అలా కుట్లు చూసి అంతకుముందే కొన్నింటిని తిరిగి ఇచ్చేశారు కూడా. ఇప్పుడు మాస్టారి వంతు వచ్చింది. మాస్టారంటే పెద్దకోడలి మొగుడే. దూకడం నేర్పుతాడు కాబట్టి అందరూ అలా పిలుస్తారు. ఒకప్పుడు బక్కపలచని మనిషి. ఈమధ్య పట్టీలు బిగించుకోవాలంటే ఊపిరి బిగబట్టుకోవలసి వస్తోంది.

చిన్నకోడలు దీపం దగ్గరికి లాక్కుని ఒక్కో తాడు మొదలూ వేలితో తడిమింది. వాటిలో కొన్ని పెద్దకోడలు ఎప్పుడో విప్పి మళ్లీ వేసిన కుట్లు.

"కుట్లు బాగానే ఉన్నాయి," అంది, పంటి కింద పడ్డ రాయిని ఉమ్మేసినట్టు.

అక్కడితో వదిలేయవచ్చు. కానీ గుడ్డ పరుచుకున్న తీరు చూస్తే ఆమెకు ఏదో తేడాగా అనిపించింది. టేపు తీసి అంచు పొడవునా కొలిచింది. మళ్లీ కొలిచింది.

"అంచున కుట్టిన పట్టీ మీద రాసిన సైజు కాదిది. దానికంటే కింది సైజు. జానెడు తక్కువొస్తోంది."

"వదులుగా పట్టుకుని కొలిస్తే తక్కువ రాక ఏమొస్తుంది?"

"వదులుగా పట్టుకోలేదక్కా."

"అక్కా లేదు, గిక్కా లేదు. నా మొగుడి దాకా వచ్చేసరికి నీ టేపు పొట్టిదైపోయిందా?"

"బావగారి బరువుకి ఇది చాలదు. దీంతో దిగితే కాళ్లు విరుగుతాయి. నేను ముద్ర వెయ్యను."

"ఎందుకేస్తావ్? ఆయన మూల కూర్చుంటే, ఆయన చేతికింద ఉన్న నీ మొగుడు మాస్టారవుతాడుగా."

అప్పుడే మాస్టారు లోపలికొచ్చాడు. సంగతి విని నవ్వేశాడు. "ఇన్నేళ్లు నన్ను మోసింది. ఇవాళ కురచైపోయిందా?"

"ఏనాడైనా అది తెరుచుకుందా బావగారూ? అది మిమ్మల్ని మొయ్యలేదు. మీరే దాన్ని మోశారు."

మాస్టారి నవ్వు ఆరిపోయింది. "ముద్రలు వేసేది నువ్వొక్కదానివేనా లోకంలో? ఇంకోచోట వేయించుకుంటా," అని, పెళ్లాం వైపు తిరిగి, "మడిచి పెట్టు. సాయంత్రం పట్టుకెళ్తా," అని వెళ్లిపోయాడు.

చిన్నకోడలు భోజనానికి వెళ్లాక పెద్దకోడలు తలుపు దగ్గరగా వేసింది. టేపు తీసింది. ఒక కొసమీద బరువు పెట్టి, రెండో కొసను మామగారు నేర్పినట్టు, పసిపిల్ల చెయ్యి పట్టుకున్నంత మెత్తగా లాగింది. జానెడు తక్కువ. పంతంకొద్దీ గట్టిగా లాగింది. అయినా తక్కువే.

స్టూలు మీద కూలబడింది. ఆ గుడ్డ ఎన్నిసార్లు తన చేతులమీదుగా పోయిందో. పట్టీ మీద ఏం రాసుంటే అదే నిజమనుకుంది. మొగుడి మోకాళ్లు తలుచుకుని ఆ గుడ్డను దూరంగా తోసేసింది. మరుక్షణం తోడికోడలి మొహం గుర్తొచ్చి ఒళ్లు మండింది. 'నువ్వు చెప్పిందే నిజం' అన్నమాట ఆ మొహం ముందు అనడం కంటే నాలుక కోసుకోవడం మేలనిపించింది.

కత్తెర తీసుకుని తాళ్లన్నీ మొదలంటా కోసేసింది.

తిరిగొచ్చిన చిన్నకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంటిది?"

"కుట్టు పోయింది. అప్పట్లో నేనే సరిగా వెయ్యలేదు. అందుకే కోసేశా."

"కుట్టు నేను చూశాను. చెక్కుచెదరలేదు."

"నా కుట్టు సంగతి నాకంటే నీకు తెలుసా?"

చిన్నకోడలు బల్లమీది టేపు వంక చూసింది, పక్కనే ఉన్న బరువు వంక చూసింది. అర్థమైంది.

"నా మాట నిజమని ఒప్పుకోలేక మీ పనికి మీరే మచ్చ పెట్టుకుంటారా? పెట్టుకోండి, నాకేం. కానీ దీంతోపాటు తయారైనవి కుట్లు మాత్రమే చూసి పంపేశాం. వాటిలో కురచవి ఉంటే? నేను చెప్తే బావగారి మీద కక్షతో అంటోందంటారు. మీరు చెప్తేనే తిరిగి తెస్తారు."

పెద్దకోడలు కోసిన తాళ్లు చుట్టలు చుడుతూ కూర్చుంది.

సాయంత్రం మాస్టారు వచ్చి చూసి బల్లమీద గుద్దాడు. "ఎవరు కోశారు?"

"నేనే."

"ఏం, కుట్టు పోయిందా?"

అవునంటే అక్కడితో తెగిపోతుంది, పంపేసినవాటిని మాత్రం ఎవరూ కొలవరు. ఆమె చిన్నకోడలి వైపు చూడకుండా చెప్పింది. "కుట్టు రాయిలా ఉంది. గుడ్డే కురచ. నేనే కొలిచా."

"అయితే నువ్వూ దాని పక్షమేనన్నమాట."

"దాని పక్షం నేనెందుకుంటా? దాని మొహం చూస్తేనే నాకు ఒళ్లు మంట. కొలత దాని పుట్టింటినుంచి తెచ్చుకుంది కాదుగా."

మాస్టారు తలుపు ధడాలున వేసి పోయాడు. ఇంట్లో చాలారోజులు ఆయన కంచం ముందు కూర్చునేవాడు, తినేవాడు, లేచిపోయేవాడు. పెద్దదైన కొత్త రిజర్వు కొనుక్కున్నాడు గానీ, దాన్ని వేరే ఊళ్లో మడిపించుకున్నాడు. ఇంట్లో మడతపెట్టే చేతులుండగా పరాయి చేతులకిచ్చాడని ఆమె లోలోపల కుమిలిపోయింది.

తిరిగి ఇచ్చేసినవాళ్లకు ఫోన్లు మాత్రం తనే చేసింది. "తెస్తారా, నన్ను రమ్మంటారా?" అని గద్దించేసరికి అందరూ తెచ్చారు. సెలవుల్లో దూకడానికి వచ్చే ఒక నర్సుది నిజంగానే కురచ తేలింది. ఆ పిల్ల బెదిరిపోయి స్టూలు మీద కూర్చుండిపోతే, ఇద్దరూ ఒకేసారి మంచినీళ్లకు లేచారు. చిన్నకోడలు ఆగింది. పెద్దకోడలు తెచ్చి ఇచ్చింది.

నర్సు వెళ్లాక చిన్నకోడలు గొంతు సవరించుకుంది. "మీరు ఫోన్ చెయ్యకపోయుంటే..."

"నీకోసం చెయ్యలేదు."

"తెలుసు."

"తెలిస్తే నోరు మూసుకుని ఆ కొస పట్టుకో."

చిన్నకోడలు కొస పట్టుకుంది. "మెత్తగా లాగండి," అంది.

"నాకు నేర్పకు," అంది పెద్దకోడలు, మెత్తగానే లాగుతూ.