నూట ముప్పై ఆరు తెల్ల చొక్కాలు

నూట ముప్పై ఆరో చొక్కాకి ఎడమ చెయ్యి మిగిలింది. ఆమె దాన్ని బల్లమీద పరిచి, అరచేత్తో నిమిరి, ఇస్త్రీ పెట్టెని భుజం దగ్గర్నుంచి కఫ్ దాకా ఒక్క ఊపులో లాగింది. ఆవిరి బుస్సుమంది. ఆ ఆవిరిలో ఆమె ముఖం కాసేపు మాయమై మళ్ళీ తేలింది. యాభై మూడేళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా ఒకే బల్ల దగ్గర నిలబడడం వల్ల కుడి భుజం ఒక వేలెడు కిందికి జారింది. బొటనవేలి పక్కన పాత కాలిన మచ్చలు వరుసగా ఉంటాయి.

లాండ్రీ వెనక గదిలో మరిది యంత్రంలోంచి తడిబట్టలు తీస్తున్నాడు. అతని ఎడమకంటికి తెల్లటి కట్టు. భర్త పోయాక ఆమెకు మిగిలిన మనిషి అతనొక్కడే. అతను ఉతుకుతాడు, ఆమె ఇస్త్రీ చేస్తుంది. ఇద్దరి మధ్యా ఒక కర్టెన్.

మూడు వారాల క్రితం బస్టాపులో ఇద్దరు అతని ఒంటిరంగు చూసి, "మీ చోటికి పోరా" అంటూ సీసాతో కొట్టారు. అక్కడే నిలబడ్డ మనవాళ్ళు నలుగురు బస్సు నంబరు చూస్తూ ఉండిపోయారు. మనవాళ్ళంటే అదే రంగు, అదే భాష, ఎప్పుడో వచ్చి ఈ పది వీధుల్లో కాపురాలు పెట్టినవాళ్ళు. ఆ కంటికి చూపు ఇక రాదని డాక్టర్లు చెప్పేశారు. మనవాళ్ళ సంఘం సమావేశమైంది. ఆదివారం పది గంటలకి పెద్ద కూడలిలో నిరసన, అందరూ తెల్ల చొక్కాల్లో రావాలని తీర్మానించింది. ఆ వారమంతా లాండ్రీకి తెల్ల చొక్కాలే వచ్చాయి.

"ఆఖరిదేనా వదినా?"

"ఆఖరిదే. నూట ముప్పై ఆరు. నీది కాక."

"చొక్కాలు బానే వచ్చాయి. లోపల మనుషులుండాలి కదా. మనవాళ్ళ మాటలు కోటలు దాటతాయి గానీ కాళ్ళు గడప దాటవు."

"నీ నోటికి మంచి మాటే రాదా? ఇస్త్రీకి ఇచ్చినవాడు తొడుక్కోడానికే ఇస్తాడు. దండెం మీద చూసుకోడానికి ఇస్తాడా?"

"సరేలే. ఒంటికన్నోణ్ణి, నాకు కనిపించేది సగమే. వచ్చినవాళ్ళని రెండింతలు చేసుకుని లెక్కపెడతా."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతని జేబులో ఆదివారం సాయంత్రం ఐదింటి బస్సు టికెట్ ఉందని ఆమెకు తెలుసు. దూరాన అతని పెద్దక్క ఉండే ఊళ్ళో ఏదో పని దొరికిందట. వెళ్ళొద్దని ఆమె పోట్లాడితే ఒక్క మాట అన్నాడు: "ఇచ్చిన చొక్కాల్లో సగం వచ్చినా బస్సెక్కను వదినా." అందుకే ఆమె ఈ వారం ఒక్కో కాలరునీ రెండేసిసార్లు ఇస్త్రీ చేసింది.

ఆదివారం పది గంటలకి కూడలిలో పదకొండు మంది ఉన్నారు. తామిద్దరూ కలిస్తే పదమూడు.

ఆమె మళ్ళీ లెక్కపెట్టింది. పదీ పావుకి, దారిలో ఉంటారనుకుంది. పదిన్నరకి, ఊళ్ళో ఇంకో కూడలి ఉందేమో, అందరూ అక్కడ మాకోసం చూస్తున్నారేమో అని కూడా అనుకుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ దారినే నడిచిన మనిషి! అలా అనుకుంటున్నది తనేనని తెలిసినా ఆ ఆలోచన వదల్లేదు.

"ఎండ కదమ్మా, నిదానంగా వస్తారు," అన్నాడు సంఘం కార్యదర్శి, మైకు మూతి తుడుస్తూ.

బ్యానరు పట్టుకోడానికి ఇరవై మంది కావాలి. పది మందే పట్టుకున్నారు. మధ్యలో అక్షరాలు కిందికి జారి నేలకి తగులుతున్నాయి. అయినా నడిచారు. మరిది అందరికంటే ముందు, ఎడమపక్క కనిపించదు కాబట్టి తల కాస్త తిప్పి నడుస్తున్నాడు. తమ వీధుల్లోకి రాగానే కిటికీల తెరలు కదిలాయి. తలుపు ఒక్కటీ తెరుచుకోలేదు.

మూడో వీధిలో ఒక బాల్కనీలో తెల్ల చొక్కా కనిపించింది. బ్యాంకు గుమాస్తా. ఆమె గుండె ఎగిరింది. వస్తున్నాడు, చెప్పులేసుకుంటున్నాడు! కానీ అతని భార్య కాలరు సరిచేసి, వెనక్కి జరిగి, ఫోన్ ఎత్తి పట్టుకుంది. అతను పిడికిలి బిగించి పైకెత్తాడు. ఫోన్ వైపు. ఫోటో అయిపోయాక పిడికిలి విప్పి లోపలికి వెళ్ళిపోయాడు. కింద వీధిలో ఎవరు పోతున్నారో చూడనే లేదు.

ఆమె కాళ్ళు నడుస్తూనే ఉన్నాయి. ఒళ్ళు మాత్రం ఆ బాల్కనీ కిందే ఆగిపోయినట్టుంది.

కార్యదర్శి ఫోన్ టింగు టింగుమంటూనే ఉంది. "చూశారా, తొంభై ఫోటోలు!" అన్నాడు సంబరంగా. "స్పందన చాలా బాగుంది." సోఫాల్లో, మెట్లమీద, ఫ్రిజ్ పక్కన, అందరూ తెల్ల చొక్కాల్లో. కింద ఒకటే మాట: మీ వెంటే ఉన్నాం.

మరిది ఫోన్ తీసుకుని కుడికంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఒక్కో ఫోటో వేలితో జరుపుతూ చివరిదాకా చూశాడు. ఫోన్ తిరిగిచ్చేశాడు.

"ఇస్త్రీ బాగా కుదిరింది వదినా," అన్నాడు.

మూడింటికి లాండ్రీ తెరిచారు. మొదట వచ్చింది బ్యాంకు గుమాస్తాయే. హ్యాంగరుకి తగిలించిన చొక్కా జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు.

"ఉతకక్కర్లేదక్కా. పెద్దగా వేసుకోలేదు. ఓసారి పెట్టె తిప్పితే రేపు ఆఫీసుకి పనికొస్తుంది."

"రాలేదేం నాయనా?"

"అదే... పిల్లదానికి పరీక్షలక్కా. ఫోటో పెట్టాగా. చూళ్ళేదా? మీ మరిదిగారికి ఎలా ఉంది?"

"ఉన్నాడు."

అతను వెళ్ళాక ఆమె కాలరు తిప్పి చూసింది. చొక్కా ఎంతసేపు ఒంటిమీద ఉందో, ఎండలో ఉందో నీడలో ఉందో కాలరు లోపలి అంచు చెబుతుంది. అది నిన్న ఆమె చేతిలోంచి వెళ్ళినట్టే ఉంది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. అందరిదీ అదే మాట, ఉతకక్కర్లేదు. నాలుగున్నరకి ముప్పై చొక్కాలు చేరాయి. ఆమె ఇస్త్రీ మానేసి ఒక్కో కాలరూ తిప్పి చూస్తోంది. ఒక్కటైనా మాసి ఉంటుందని వెతుకుతోంది.

ఎవరో పక్కన నిలబడ్డారు. "వదినా, నడుం నొప్పెడితే కాసేపు కూర్చో."

"ఊఁ," అంది తలెత్తకుండా.

ఇంకో రెండు కాలర్లు చూశాక ఏదో వెలితిగా తోచింది. యంత్రాల చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిందో తెలియలేదు. అరికాళ్ళలో ఎప్పుడూ ఉండే ఆ సన్నటి వణుకు కూడా లేదు. గడియారం చూసింది. ఐదూ పది.

కర్టెన్ తీసింది. నేల తుడిచి ఉంది. సబ్బు డబ్బాలు ఎత్తులవారీగా సర్ది ఉన్నాయి. మూలనుండే సంచీ లేదు. ఆమె గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళింది. పిలుద్దామని నోరు తెరిచింది. పంతొమ్మిదేళ్ళలో అతన్ని పేరుపెట్టి పిలిచే అవసరమే రాలేదు, కర్టెన్ అవతల ఎప్పుడూ ఉండేవాడు.

గోడకి కొట్టిన మేకుకి అతని తెల్ల చొక్కా వేలాడుతోంది. చేతులమీద ఆమె పెట్టిన మడతలు నలిగిపోయాయి. కాలరు లోపలి అంచున, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, చెమటా దుమ్మూ కలిసిన నల్లటి చార.