హాగెన్ గారి ఉత్తరాలు

బంగాళాదుంపలు పల్చగా తరగడం ఆర్డిస్‌కి కళ్ళు మూసుకునీ వచ్చు. మే నెల ఆదివారం, చర్చి నుంచి రాగానే కోటు విప్పి కత్తి పట్టుకుంది. ఇవాళ స్కాలర్‌షిప్ పిల్ల భోజనానికి వస్తుంది.

ఆర్డిస్ భర్త లోవెల్. అతని తాత నీల్స్ హాగెన్ ఊళ్ళో కాలేజీకి శాశ్వత నిధి ఒకటి రాసిచ్చి పోయాడు. అప్పట్నుంచీ ఏటా ఒకరు ఆయన పేరు మీద చదువుకుంటున్నారు. ఆకురాలే కాలంలో పిల్లలు కృతజ్ఞతగా ఉత్తరం రాస్తారు, హాగెన్ ఇంటివాళ్ళు జవాబు రాస్తారు. చదువు పూర్తయిన ఏడు వాళ్ళని పిలిచి భోజనం పెడతారు. "మూడు తరాలుగా మేం ఆ కాలేజీ మనుషులం" అంటాడు లోవెల్. అదే కాలేజీలో ఆర్డిస్ కూడా రెండేళ్ళు చదివింది. వ్యాసాలు రాస్తే మాస్టారు క్లాసులో చదివి వినిపించేవాడు. పెద్దాడు కడుపున పడ్డాక మానేసింది. ఆ రెండేళ్ళు లోవెల్ చెప్పే లెక్కలో ఎప్పుడూ చేరలేదు.

పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఆ జవాబులు కొట్టే టైపు మిషను తెచ్చి ఆమె ముందు పెట్టింది. "మగాళ్ళు సంతకం పెడతారు, మాటలు మనం పెట్టుకోవాలి. నా వేళ్ళు నొప్పులు, ఇక నీ వంతు." లోవెల్ అయితే మరీ తేలిక చేశాడు. "నాలుగు ముక్కలు గీకి పడెయ్ ఆర్డిస్. సంతకం నేను పెడతాగా." ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమె రాస్తోంది, అతను విత్తనాల కొట్టుకి వెళ్తూ గుమ్మంలో నిలబడే సంతకం గీకుతున్నాడు. మంచివాడే. చలికాలంలో ఆమె కారు మీద మంచు తనే గీకి, ఇంజను వేడెక్కించి ఉంచుతాడు. ఉత్తరాలు మాత్రం ఒక్కటీ చదవలేదు.

స్కాలర్‌షిప్ పిల్ల డెలియా మ్యాక్‌గ్రా ఇస్త్రీ చేసిన గౌను వేసుకొచ్చి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. లోవెల్ హామ్ కోసి పెద్ద ముక్క ఆ పిల్ల పళ్ళెంలో వేశాడు.

"తినమ్మా తిను, హాస్టల్ తిండి తిని పుల్లలా అయిపోయావు. అవునూ, మీ అమ్మగారు రాలేదేం? తీసుకురావాల్సింది!"

డెలియా ఫోర్క్ ఆగిపోయింది. "అమ్మ... అక్టోబరులో పోయిందండీ. మీరు ఉత్తరం కూడా రాశారు కదా హాగెన్ గారూ."

లోవెల్ తల తిప్పి ఆర్డిస్ వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి కొత్త కాదు. మేజోడు కనబడకపోయినా, చుట్టం పేరు గుర్తు రాకపోయినా అదే చూపు. దానికి జవాబు ఆమె నాలుక చివరే ఉంది. 'ఈయన మతిమరుపు నీకు తెలీదమ్మా, ఇవాళ చర్చిలో టోపీ రెండుసార్లు మర్చిపోయాడు' అంటే చాలు, అందరూ నవ్వేస్తారు, దుంపలు చల్లారకుండా తింటారు. కానీ ఆ పిల్ల చేయి సంచి మీద బిగుసుకోవడం కనబడింది. ఉత్తరం అందులోనే ఉంది. ఏడు నెలలుగా మోస్తున్న మాటలు వట్టి మర్యాద మాటలా అని ఆ పిల్ల మొహం అడుగుతోంది. భర్త పరువు కాపాడితే ఆ ఉత్తరం ఈ బల్ల మీదే చచ్చిపోతుంది.

"ఆ ఉత్తరం ఆయన రాయలేదు డెలియా" అంది ఆర్డిస్. "నేను రాశాను. అందులో రాసిన, వంటింట్లో మేకుకి వేలాడిన ఆ ఏప్రాన్ మా అమ్మది. అమ్మ పోయాక ఎవరెన్ని చెప్పినా దాన్ని తీయలేకపోయింది నేనే."

లోవెల్ చెవులు ఎర్రబడ్డాయి. కత్తి కింద పెట్టాడు. కోప్పడతాడేమో అనుకుంది. అతను పళ్ళెంలోకి చూస్తూ, "చదవకుండానే సంతకం పెట్టానమ్మా. నాదే తప్పు" అన్నాడు.

డెలియా సంచి మీంచి చేయి తీసింది. ఆర్డిస్ వైపు కుర్చీ కొంచెం జరుపుకుంది.

"మరి ఎప్పుడు తీశారండీ?"

"నాలుగేళ్ళకి. ఓ రోజు యాపిల్ పై చేస్తుంటే పిండి గౌను మీద పడుతోందని అది తీసి కట్టేసుకున్నా. కట్టుకున్నాక చూసుకున్నా, ఏం కట్టుకున్నానో."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. లోవెల్ లేచి, అడక్కుండానే పొయ్యి మీంచి దుంపల గిన్నె తెచ్చి వడ్డించాడు. సగం బల్లగుడ్డ మీద పడ్డాయి. ఆర్డిస్ లేవలేదు.

సెప్టెంబరులో కొత్త పిల్ల ఉత్తరం వచ్చింది. ఆర్డిస్ రెండు రోజులు ఆలోచించి జవాబు టైపు చేసింది. కొట్టుకి బయల్దేరుతూ లోవెల్ అలవాటుగా గుమ్మంలో కలం మూత తీశాడు.

"ఏదీ, ఎక్కడ పెట్టాలి?"

"దీని మీద పెట్టడానికి లేదు. కింద నా పేరుంది."

అతను కలం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మరి నేను?"

"నీ ఉత్తరం నువ్వు రాయి."

"ఏం రాయను ఆర్డిస్? నాకేం తెలుసు ఆ పిల్ల సంగతి?"

ఆర్డిస్ కొత్త పిల్ల ఉత్తరం అతని చేతిలో పెట్టి, కుర్చీ లాగింది.

"ముందు కూర్చుని చదువు."