గోడెక్కిన ఊటాకు

పెద్దమ్మ చేతిలోని ఆకు మేనేజరు లాక్కుని, నలిపి, ఆమె నోట్లో కుక్కాడు. నమలమన్నాడు. ఆమె నమల్లేదు. చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారింది. ఎనభై మందిమి చూశాం. నేను పంపు షెడ్డు గుమ్మంలో నిలబడి చూశాను. దేవుడికి దణ్ణం పెట్టుకుని గాని మోటారు స్విచ్చి వెయ్యనివాణ్ణి నేను. ఆ పూట జోడించిన చేతులు జోడించినట్టే ఉండిపోయాయి.

మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆ కూలీ మనిషి చేసిన నేరమేమిటో చెబుతాను. మాది రాళ్ళ క్వారీ, నూరడుగుల గొయ్యి. పక్కనే ఎప్పుడో వదిలేసిన పాత గొయ్యి నిండా నీళ్ళు. రెంటికీ మధ్య ఒక్క రాతి గోడ. ఆ గోడ పగుళ్ళలో ఒక మొక్క మొలుస్తుంది. పువ్వుండదు, కాయుండదు. లేత ఆకు చుట్ట చుట్టుకుని పుట్టి, విచ్చుకుంటే ఈకలా ఉంటుంది. బడి పుస్తకాల్లో ఫెర్న్ అంటారు. మేం ఊటాకు అంటాం. చెమ్మ లేనిదే అది బతకదు. మండు వేసవిలోనూ అది పచ్చగా ఉందంటే ఆ రాతి వెనక నీళ్ళున్నట్టే. గోడ మొదట్లో ఉంటే భయం లేదు. పైకెక్కుతోందంటే లోపల గోడ చీలుతోందన్నమాట. అందుకే పనిలోకి దిగేముందు గడ్డపార నిలబెట్టి ఊటాకు ఎంత ఎత్తున ఉందో కొలుచుకోవడం మా అలవాటు. ఏళ్ళ తరబడి అది ఒక్క గడ్డపార ఎత్తు దాటలేదు. ఆ వేసవిలో మూడు గడ్డపారల ఎత్తుకు పాకింది. పెద్దమ్మ నిచ్చెనెక్కి ఆ పైఆకు తెంపుకొచ్చి, గోడ దగ్గర మందు పేల్చడం ఆపించమని అడిగింది. అంతే.

మర్నాడు తనిఖీ అధికారి వస్తున్నాడు. గోడ శుభ్రం చేస్తే మధ్యాహ్నం నుంచి సెలవన్నాడు మేనేజరు. సెలవు దొరికి ఎన్నాళ్ళయిందో. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఏ గడ్డపారతో కొలిచామో ఆ గడ్డపారతోనే ఊటాకంతా గీకేశాం. నేను పంపు పైపు పట్టుకుని నీళ్ళు కొట్టి కడిగాను.

"గడ్డం గీసేసరికి గోడ పెళ్ళికొడుకైంది అన్నా," అన్నాడు మా తమ్ముడు. వాడు డ్రిల్లరు. నేనూ నవ్వాను.

అధికారి గట్టు మీదినుంచి గోడ చూసి, సంతకం పెట్టి వెళ్ళాడు.

పదకొండో రోజున గోడలో ఇల్లంత చెక్క ఊడిపడింది. దాని వెనకే నీళ్ళు విరుచుకుపడ్డాయి. మనుషులు రాళ్ళతోపాటు దొర్లుకుపోయారు. ఆరుగురు చనిపోయారు. నీళ్ళు తోడటానికి నాకు పదిహేను రోజులు పట్టింది. చివరి రోజున మా తమ్ముడి చెయ్యి దొరికింది. డ్రిల్లు వదల్లేదు.

ముందుగా ఏ సూచనా లేదనీ, ఇది దైవఘటన అనీ ఆఫీసు గోడకి కాగితం అంటించారు. ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఆ ఆరుగురూ దణ్ణం పెట్టుకునే దిగారు. దేవుడు చెప్పలేదని ఎలా అనను? రోజుకో ఆకు మొలిపించి మరీ చెప్పాడు. కడిగేసింది నేను.

కన్నం సిమెంటుతో పూడ్చి మళ్ళీ పనిలోకి దిగమన్నారు. కానీ పాత గొయ్యిలో నీళ్ళు మళ్ళీ ఊరాయి, పగుళ్ళలో మొక్క వేళ్ళూ చావలేదు. నెల తిరక్కుండా మిగిలిన గోడ మీద ఊటాకు చుట్టలు విప్పింది. ఈసారి నాలుగు గడ్డపారల ఎత్తున. అధికారి మళ్ళీ వస్తున్నాడు, మళ్ళీ గీకమన్నాడు మేనేజరు.

ఆ సాయంత్రం పనిముట్ల షెడ్డులో అందరం కూర్చున్నాం. గీకకపోతే వేరేవాళ్ళని దింపుతారన్నారు కొందరు. గీకితే మన గొయ్యి మనమే తవ్వుకోవడమన్నారు కొందరు. మాటా మాటా పెరిగి ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు. అప్పుడు లేచింది తమ్ముడి భార్య, మా మరదలు. తమ్ముడు పోయిన ఆ గోడ కిందే రాళ్ళు మోస్తోంది.

"ఆ రోజు నీళ్ళు కొట్టింది మీరే కదా బావగారూ," అంది. "రేపు నా నెత్తిన కొడతారా?"

కాలర్లు పట్టుకున్న ఇద్దరూ చేతులు వదిలి నావైపు తిరిగారు.

"కొట్టనమ్మా," అన్నాను. "కడిగిన పాపం నాది. అది అందరి ముందూ చెబుతాను."

పెద్దమ్మ నవ్వింది. చిట్లిన పెదవి మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. "గోడ గట్టిదంటాడుగా మేనేజరు. గడ్డపారలు ఆయనకే ఇచ్చేద్దాం. ఆయన్నే గీకమందాం."

పొద్దున్నే గొయ్యిలో, అధికారి ఎదుట, మా గడ్డపారలన్నీ మేనేజరు కాళ్ళ దగ్గర పడేశాం. గోడ ఎందుకు కడిగానో, ఎవరు కడగమన్నారో నేను గట్టిగా చెప్పాను. పెద్దమ్మ ఒక గడ్డపార తీసి రెండు చేతులా అందించింది.

"మీరే గీకండి బాబూ."

మేనేజరు తలెత్తి గోడ చూశాడు. ఒకడుగు వెనక్కేసి, గొడవవుతుందని ముందే పిలిపించుకున్న పోలీసులకు సైగ చేశాడు.

లాఠీలు దిగాయి. మొదటి దెబ్బ పెద్దమ్మ నెత్తిన పడింది. తల రెండుగా విచ్చుకుంది. మరదలి భుజం ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. నా ముందున్నవాడు తన పళ్ళు తనే అరచేతిలోకి ఉమ్ముకున్నాడు. పెద్దమ్మని ఎత్తుకుని వెనక్కి వెనక్కి జరిగాం. వీపులకు చల్లగా గోడ తగిలింది.

అక్కడ లాఠీలు ఆగిపోయాయి. గోడ నీడ నేల మీద గీతలా పడి ఉంది. ఆ గీత అవతల పోలీసుల బూట్లన్నీ వరసగా ఆగి ఉన్నాయి. ఒక్కటీ ఇవతలికి రాలేదు.

"అయ్యా, గోడ గట్టిదైతే రండి," అని పిలిచాను. "ఎందుకు ఆగారు?"

అధికారి ఆ బూట్ల వరస చూశాడు. తర్వాత మా తలల పైన పచ్చగా ఊగుతున్న ఆకు చూశాడు. పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. సంతకం పెట్టలేదు.

పెద్దమ్మ నా ఒళ్ళోనే పోయింది. ఆమెను మోసుకుంటూ, చేతులు పెనవేసుకుని మా అంతట మేమే బయటికి నడిచాం. ఇరవై ముగ్గురిని వ్యాన్‌లో కుక్కారు. విరిగిన భుజంతోనే మరదలు నా పక్కన కూర్చుంది.

వ్యాను చుట్టుపక్కల క్వారీల మీదుగా వెళ్ళింది. మొదటి గొయ్యిలో ఒకడు గోడకి గడ్డపార నిలబెట్టి కొలుస్తున్నాడు. మమ్మల్ని చూశాడు. నెత్తుటి బట్టలు చూశాడు. గడ్డపార కింద పడేశాడు. పక్కవాడూ పడేశాడు. ఇనుము రాతి మీద పడుతున్న చప్పుడు ఒక గొయ్యి నుంచి ఇంకో గొయ్యికి పాకి, వ్యాను మలుపు తిరిగాక కూడా వినబడుతూనే ఉంది.