రెండంగుళాలు తెగిన టేపు

నేను ఒక కొలత టేపును. చీరాలలో బట్టలు కుట్టే మస్తానమ్మ మెడలోనే నా కాపురం. నా ఇనుప కొన ఊడి, చివర పీచులు లేస్తే, మస్తానమ్మ నా మొదటి రెండంగుళాలు కత్తిరించి పారేసింది. అప్పటినుంచి ఏది కొలిచినా రెండంగుళాలు ఎక్కువే చెబుతాను. అవి ఆమె మనసులోనే తీసేసుకుంటుంది. కొత్తది కొనుక్కోమంటే, ఇదే చేతికి అలవాటైందంటుంది. మనుషులకు అలవాటైతే చాలు, నిజం అక్కర్లేదు. నాకూ ఆ మెడ బాగానే ఉండేది.

బడులు తెరిచే ముందు భారతి తన కూతురు హిమజను యూనిఫాం కొలతలకు తీసుకొచ్చింది. తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్ల. మస్తానమ్మ వీధికంతా వినపడేలా, "నడుం ఇరవయ్యారు!" అంది.

"పోయినేడు కుట్టించినవి అప్పుడే పట్టట్లేదక్కా. ఒళ్ళు చేసింది," అని నవ్వింది భారతి.

నేను ఆ నడుముకు ఆనుకునే ఉన్నాను కదా, పిల్ల ముడుచుకుపోవడం నాకు తెలిసింది. ఆ వయసులో నడుమూ తుంటీ పెరగడం మామూలే. ఆ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కుట్టిన బట్టల మడతలో చిక్కుకుని పొరపాటున వాళ్ళింటికి చేరాను. హిమజ స్నానాలగది గడియ పెట్టుకుని నన్ను నడుముకు చుట్టుకుంది. ఇరవై ఎనిమిది! వారం తిరక్కుండానే రెండంగుళాలు! పిల్ల ముఖం పాలిపోయింది. 'తల్లీ, నాకు మొదలే లేదు, నన్ను నమ్మకు' అని అరవాలనిపించింది. నాకు నోరేదీ?

నన్ను జామెట్రీ బాక్సులో దాచుకుంది. టిఫిను మానేసింది. మధ్యాహ్నం డబ్బాలో అన్నం కుక్కలపాలు. రోజూ నన్ను బిగించి చూసుకోవడం, ఏడవడం. ఎలాగైనా ఇరవయ్యారుకు దిగాలని పట్టుబట్టింది. నా మీద ఇరవయ్యారంటే అసలు ఇరవై నాలుగు. నన్ను నమ్ముకుని పిల్ల చిక్కిపోతుంటే భయంతో చచ్చిపోయాను.

ఓ పొద్దున బడి ప్రార్థనలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయింది. భారతి ఇంటికి తెచ్చి బట్టలు వదులు చేస్తుంటే, చొక్కా కింద నడుముకు బిగించి నేను! ఈమధ్య నన్ను బాక్సులో కాక అక్కడే దాచుకుంటోంది. కబురు తెలిసి చూడ్డానికొచ్చిన మస్తానమ్మ నన్ను గుర్తుపట్టింది.

"ఇదిక్కడుందా! ఇల్లంతా ఎతుకుతన్నా. దీనికి ముందు రెండంగుళాలు లేవమ్మా!"

విషయం అర్థమై భారతి ఊపిరి పీల్చుకుంది. "విన్నావా పిచ్చిపిల్లా! నువ్వసలు లావవలేదు. ఇంక బెంగెందుకు?"

గండం గడిచిందనుకున్నాను. హిమజ మాత్రం తల్లివైపే చూస్తూ అడిగింది: "నిజంగానే ఇరవై ఎనిమిదైతే, తినకపోయినా పరవాలేదా అమ్మా?"

భారతి కూతురి పక్కన కూర్చుంది. "లేదమ్మా. ఎంతున్నా తినాలి. పెరిగే వయసు, పెరుగుతావు. ఆ రోజు నేనే అలా అనకుండా ఉండాల్సింది. రేపు డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం," అంది. పప్పన్నం కలుపుకొచ్చి ముద్ద అందించింది. హిమజ ముద్దను పెదాల దాకా తెచ్చి ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే మస్తానమ్మ నన్ను ఉండచుట్టి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి, గుడ్డపీలికల మూటలో పడేసింది. తప్పు కొలిచేదాన్ని పారేయడం న్యాయమే. కానీ ఆ పిల్ల ముద్ద తిన్నదో లేదో నాకు ఎవరు చెబుతారు?